పికో డబ్ల్యూ పచ్చ దీపం: వైఫై చిప్పును సొంత డ్రైవరుతో నిద్రలేపిన మూడు వారాలు

జూన్ 8, ఆదివారం

ఈ నెలకు పెట్టుకున్న పని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. రాస్ప్‌బెర్రీ పై పికో డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీదున్న చిన్న పచ్చ దీపాన్ని, వైఫై లైబ్రరీ ఏదీ కలుపుకోకుండా, నేను రాసిన డ్రైవరుతోనే (చిప్పుతో మాట్లాడే ప్రోగ్రాముతోనే) వెలిగించాలి.

వినడానికి ఇది మొదటి రోజు పాఠంలా ఉంటుంది. 2021లో వచ్చిన మొదటి పికోలో అది నిజంగా మొదటి రోజు పాఠమే. దీపం ప్రాసెసర్ 25వ జీపీఐఓ పిన్నుకు (ప్రోగ్రాము నేరుగా ఆడించగల కాలికి) కలిపి ఉంటుంది, ఆ పిన్నును ఒకటి చేస్తే వెలుగుతుంది. 2022 జూన్‌లో వచ్చిన పికో డబ్ల్యూలో మాత్రం ఆ దీపం మన ప్రాసెసర్ చేతిలో లేదు. బోర్డు మీద లోహపు మూత కింద ఉన్న సీవైడబ్ల్యూ43439 అనే వైఫై చిప్పుకు తన సొంత పిన్నులు కొన్ని ఉన్నాయి. వాటిలో సున్నా నంబరు పిన్నుకు దీపాన్ని కలిపారు. అంటే దీపం వెలగాలంటే ముందు ఆ చిప్పుకు కరెంటు ఇవ్వాలి, దానితో మాట కలపాలి, దాని ఫర్మ్‌వేరును, అంటే దాని లోపల నడిచే ప్రోగ్రామును, దానికి అందించాలి, ఆ ఫర్మ్‌వేరు లేచాక దీపం వెలిగించమని అడగాలి. నాకు ఈ దీపం మీద ఇష్టం కలిగింది అందుకే. అది వెలిగిందంటే మధ్యలో ఉన్న ప్రతి మెట్టూ సరిగ్గా ఉన్నట్టు.

సెలవులకు వచ్చిన మేనకోడలు బల్ల మీద పరిచిన సర్క్యూట్ పటం చూసి, "మామయ్యా, ఒక్క దీపానికి ఇన్ని కాగితాలా?" అని అడిగింది. వెలిగిన రోజు ముందు తనకే చెప్తానని మాట ఇచ్చాను.

దగ్గరున్న సామాను: పికో డబ్ల్యూ ఒకటి, దానికి డీబగ్గర్‌గా (కోడ్ ఎక్కించి పరీక్షించే సాధనంగా) పనిచేసే మామూలు పికో ఒకటి, సీరియల్ సందేశాలు చూడటానికి 0, 1 పిన్నుల నుంచి రెండు తీగలు, వేగం 115200. భాష సీ. పిన్నులు, గడియారం, టైమర్ వంటి ప్రాథమిక పనులకు అధికారిక ఎస్‌డీకే (బోర్డు తయారీదారు ఇచ్చే సిద్ధ కోడ్) వాడుతున్నాను. వైఫై భాగం మాత్రం నాదే.

బోర్డు ప్రధాన ప్రాసెసర్ ఆర్‌పీ2040కి, వైఫై చిప్పుకు మధ్య నాలుగే తీగలు ఉన్నాయి. 23వ పిన్ను చిప్పును లేపేది, నిద్రపుచ్చేది. 25వది చిప్ సెలెక్ట్, అంటే మాట నీతోనే అని చిప్పుకు చెప్పేది. 29వది క్లాక్, అంటే ఒక్కో బిట్‌కు తాళం వేసేది. 24వది డేటా. ఈ 24వ తీగ మీద చాలా బరువు మోపారు: మనం పంపే బిట్లు, చిప్పు తిరిగి పంపే బిట్లు, చిప్పు మనల్ని పిలిచే ఇంటరప్ట్, మూడూ దాని మీదే. పాత పికో కోసం రాసిన దీపం ప్రోగ్రామును ఈ బోర్డులో నడిపితే ఏమీ వెలగదు. అది చిప్ సెలెక్ట్ తీగను ఊరికే పైకీ కిందికీ ఆడిస్తుంది, అంతే.

పైగా ఈ నాలుగు పిన్నులూ బోర్డు అంచున ఉండే 40 కాళ్లలో లేవు. లాజిక్ ఎనలైజర్ (తీగల మీది సంకేతాలను చూపే పరికరం) తగిలించడానికి చోటు లేదు. తీగల మీద ఏం జరుగుతున్నదో సీరియల్ సందేశాల నుంచి ఊహించుకోవలసిందే.

జూన్ 9, సోమవారం

కరెంటు ఇచ్చే మెట్టు.

23వ పిన్ను నిజానికి చిప్పుకు విద్యుత్తు పోసే తీగ కాదు. 3.3 వోల్టులు బోర్డు మీద ఎప్పుడూ ఉంటాయి. ఈ పిన్ను చిప్పు లోపలి రెగ్యులేటర్లను ఆన్ చేసే మీట. పైకి లేపితే లోపలి భాగాలు ప్రాణం పోసుకుంటాయి, దించితే అంతా మరచిపోతుంది.

వరుస ఇలా పెట్టాను. 25వ పిన్నును అవుట్‌పుట్ చేసి పైన ఉంచాలి. 29వ పిన్నును కింద ఉంచాలి. 24వ పిన్నును కూడా అవుట్‌పుట్ చేసి సున్నాలో ఉంచాలి. ఈ చివరిది తప్పనిసరి. ఈ చిప్పు ఎస్‌డీఐఓ, ఎస్‌పీఐ అనే రెండు పద్ధతుల్లో మాట్లాడగలదు. ఏది వాడాలో లేచే క్షణంలో ఒక కాలి మీదున్న వోల్టేజీ చూసి నిర్ణయించుకుంటుంది. తర్వాత 23వ పిన్నును 20 మిల్లీసెకన్లు కింద ఉంచి, పైకి లేపి, 250 మిల్లీసెకన్లు ఆగాలి. అప్పుడు 24వ పిన్నును ఇన్‌పుట్‌గా మార్చాలి.

మొదట ఆ 20 మిల్లీసెకన్లు అనవసరమనుకొని తీసేశాను. కరెంటు కొత్తగా ఇచ్చినప్పుడు పిన్ను ఎలాగూ కిందే ఉంటుంది కదా అన్నది నా వాదన. దాని ఫలితం వారం తర్వాత అనుభవించాను. కింద రాశాను.

జూన్ 14, శనివారం

ఈ రోజంతా ఒకే ఒక్క రిజిస్టరు (చిప్పు లోపల ఒక విలువను దాచే చిన్న గడి) చదవడంతో గడిచింది. అయినా ఈ మూడు వారాల్లో ఎక్కువ నేర్చుకున్నది ఈ రోజే.

చిప్పుకు పంపే ప్రతి ఆజ్ఞా 32 బిట్ల పదం. అన్నింటికన్నా పై బిట్ రాయడమా చదవడమా చెబుతుంది. తర్వాతి బిట్ చిరునామాను ఒక్కో అడుగు పెంచుకుంటూ పొమ్మంటుంది. తర్వాతి రెండు బిట్లు చిప్పులో ఏ విభాగంతో మాట్లాడుతున్నామో చెబుతాయి: సున్నా అంటే బస్సు విభాగం (ఈ తీగల మీది మాటను నడిపేది), ఒకటి అంటే చిప్పు లోపలి బ్యాక్‌ప్లేన్ (లోపలి రిజిస్టర్లకు, మెమరీకి దారి), రెండు అంటే వైఫై ప్యాకెట్ల దారి. తర్వాత 17 బిట్ల చిరునామా, చివర 11 బిట్ల పొడవు.

బస్సు విభాగంలో హెక్సా 14 చిరునామాలో ఒక పరీక్షా రిజిస్టరు ఉంది (హెక్సా అంటే పదహారు అంకెల లెక్క, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా అంకెలే). చిప్పు బతికి ఉంటే, మన తీగలు సరిగ్గా ఉంటే, అది ఎప్పుడూ ఒకే జవాబు ఇవ్వాలి: ఎఫ్ఈఈడీబీఈఏడీ. నాలుగు బైట్లు చదవమనే ఆజ్ఞ లెక్క వేస్తే 4000ఏ004 వచ్చింది. పంపాను. జవాబు అన్నీ సున్నాలు.

కారణం వెతకడానికి రెండు గంటలు పట్టింది. లేచిన వెంటనే ఈ చిప్పు 16 బిట్ల పద్ధతిలో ఉంటుంది. 32 బిట్ల పదంలో కింది సగం ముందు పంపాలి, పై సగం తర్వాత. అంటే తీగ మీదకు ఏ0044000గా వెళ్లాలి. జవాబు కూడా అలాగే సగాలు తారుమారై వస్తుంది.

మార్చి పంపాను. ఈసారి వచ్చినది 5ఎఫ్56ఎఫ్ఎఫ్76.

సున్నాలు కాదు. ఎవరో అవతల ఉన్నారు. ఆ సంఖ్యను కాగితం మీద రాసుకొని చాలాసేపు చూశాను. రెండుతో గుణిస్తే బీఈఏడీఎఫ్ఈఈసీ వస్తుంది. రావలసింది బీఈఏడీఎఫ్ఈఈడీ. చివరి ఒక్క బిట్ తప్ప అంతా సరిపోయింది! అంటే చిప్పు నిజమే చెబుతున్నది, నేను ఒక బిట్ ముందుగా చదవడం మొదలుపెడుతున్నాను. మొదట ఒక ఉత్తి సున్నా దొరుకుతున్నది, చివరి బిట్ జారిపోతున్నది.

ఒకే తీగ మీద రెండు వైపుల మాటలు నడిచినప్పుడు మలుపు చాలా సున్నితమైనది. ఆజ్ఞలోని చివరి బిట్ పంపి, క్లాక్ దించి, పిన్నును ఇన్‌పుట్‌గా మార్చి, చిప్పు తన మొదటి బిట్‌ను తీగ మీద పెట్టాకే చదవాలి. నేను పిన్ను తిప్పిన వెంటనే, అది పెట్టక ముందే చదువుతున్నాను. రెండు వరుసలు అటూ ఇటూ మార్చాక సీరియల్ తెరమీద ఎఫ్ఈఈడీబీఈఏడీ కనిపించింది.

ఇలాంటి పని చేసేవారికి ఒక్క సలహా. తప్పు జవాబు వస్తే దాన్ని పారేయకండి. కాగితం మీద రాయండి. ఎడమకు ఒక బిట్, కుడికి ఒక బిట్ జరిపి చూడండి, సగాలు తిప్పి చూడండి, బైట్లు తిప్పి చూడండి. సగం తప్పులు తమ పేరు తామే చెబుతాయి.

ఆ తర్వాత హెక్సా 18లో ఉన్న రాయగలిగే పరీక్షా రిజిస్టరులో 12345678 రాసి తిరిగి చదివాను. రెండూ కలిశాయి. చివరగా సున్నా చిరునామాలోని నియంత్రణ రిజిస్టరులో 32 బిట్ల పద్ధతి, అధిక వేగం, ఇంటరప్ట్ దిశ వంటివి రాశాను. ఇక్కడి నుంచి సగాలు తిప్పే పని లేదు.

జూన్ 15, ఆదివారం

పొద్దున లేచి చిన్న మార్పు చేసి, డీబగ్గర్‌తో కొత్త కోడ్ ఎక్కించాను. నిన్న అంత చక్కగా పలికిన పరీక్షా రిజిస్టరు పలకలేదు. పాత కోడ్ ఎక్కించాను. అదీ పనిచేయలేదు. యూఎస్‌బీ తీగ పీకి పెడితే పనిచేసింది. మళ్లీ ఎక్కిస్తే పోయింది.

ఇదే ఆ 20 మిల్లీసెకన్ల ఫలితం. డీబగ్గర్ మన ప్రాసెసర్‌ను మాత్రమే మొదటికి తెస్తుంది. వైఫై చిప్పుకు ఆ సంగతి తెలియదు. అది నిన్నటి సంభాషణలోనే, 32 బిట్ల పద్ధతిలోనే ఉండిపోయింది. నా కోడ్ మళ్లీ 16 బిట్ల పద్ధతిలో పలకరిస్తున్నది. డ్రైవరు మొదలైన ప్రతిసారీ చిప్పును ముందు ఖచ్చితంగా ఆపి, అప్పుడు లేపాలి. చిప్పు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో మనకు తెలుసనుకోవడం ఈ పనిలో పెద్ద ప్రమాదం. తీసేసిన వరుసను తిరిగి పెట్టాను.

250 మిల్లీసెకన్లను కూడా ప్రశ్నించాను. డేటాషీటు విద్యుత్తు నిలకడగా వచ్చాక కనీసం 150 మిల్లీసెకన్లు ఆగమంటుంది. కాబట్టి దాన్ని తగ్గించి లాభపడేది పెద్దగా లేదు. 250 అలాగే ఉంచి, ఆ తర్వాత పరీక్షా రిజిస్టరును సరైన జవాబు వచ్చేదాకా చదివే వలయం పెట్టాను. దానికీ ఒక హద్దు పెట్టాను, వందసార్లు. హద్దు దాటితే సీరియల్‌లో ఫిర్యాదు చేసి ఆగిపోతుంది. హద్దు లేని వలయాన్ని డ్రైవరులో ఎక్కడా పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం బ్యాక్‌ప్లేన్ వైపు వెళ్లాను. అక్కడ ముందు క్లాక్ అడగాలి. చిప్పులో రెండు రకాల క్లాకులు ఉన్నాయి. ఏఎల్‌పీ అనేది తక్కువ విద్యుత్తుతో నడిచేది, రిజిస్టర్లు, మెమరీ ముట్టుకోవడానికి చాలు. హెచ్‌టీ అనేది రేడియో పూర్తిగా నడవడానికి కావలసిన వేగవంతమైనది. హెక్సా 1000ఈ చిరునామాలో 08 రాస్తే ఏఎల్‌పీ అడిగినట్టు. అదే చోట 40 బిట్ కనిపిస్తే ఇచ్చినట్టు.

ఆ బిట్ ఎంతసేపు చూసినా రాలేదు. క్లాక్ రాలేదా, నేను చదవడం తప్పా? నిన్నటి పాఠం గుర్తొచ్చి నాలుగు బైట్లు కాకుండా పన్నెండు బైట్లు చదివి మొత్తం అచ్చువేశాను. నేను వెతుకుతున్న విలువ అయిదో బైటులో ఉంది. బస్సు విభాగం వెంటనే జవాబిస్తుంది, బ్యాక్‌ప్లేన్ మాత్రం జవాబు తెచ్చుకోవడానికి సమయం కోసం ముందుగా నాలుగు ఉత్తి బైట్లు పంపుతుంది. ఆ నాలుగూ పారేసి తర్వాతివి తీసుకోవాలి. ఒక విభాగానికి ఒక నియమం, ఇంకో విభాగానికి ఇంకో నియమం. ఇది తెలియక ఎందరు రాత్రులు పోగొట్టుకున్నారో అనిపించింది.

తర్వాత 18000000 చిరునామాలోని కింది 16 బిట్లు చదివాను. ఏ9ఏఎఫ్. దశాంశంలోకి మార్చితే 43439. చిప్పు తన పేరు తానే చెప్పింది. కుర్చీలోంచి లేచి ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చాను.

జూన్ 21, శనివారం

ఫర్మ్‌వేరు ఎక్కించడం.

ఈ వైఫై చిప్పు లోపల ఇంకో ప్రాసెసర్ ఉంది. దానికి సొంత ఫ్లాష్ లేదు. లేచిన ప్రతిసారీ ఖాళీ బుర్రతో లేస్తుంది. దాని ప్రోగ్రామును మన ఫ్లాష్‌లో దాచి, ప్రతిసారీ మనమే దాని ర్యామ్‌లోకి పంపాలి. ఆ ఫైలు 2,24,000 బైట్లకు పైగా ఉంది. ఆర్‌పీ2040కి ఉన్న మొత్తం ర్యామ్ 264 కిలోబైట్లే. అందువల్ల ఫైలును ర్యామ్‌లోకి తెచ్చుకోకుండా 2 మెగాబైట్ల ఫ్లాష్ నుంచే ముక్కలుగా చదివి పంపాలి. ఒక్కో విడతకు 64 బైట్లే. మూడు వేల అయిదు వందల విడతలు.

పంపేముందు వైఫై కోరును, అంటే ఆ లోపలి ప్రాసెసర్‌ను, ఆపి ఉంచాలి, దాని ర్యామ్‌ను మాత్రం లేపాలి. ఆ వరుసకు అధికారిక డ్రైవరును పక్కన పెట్టుకొని చూసి రాశాను. అది అందరికీ తెరచి ఉంచిన కోడ్ కావడం వల్లే ఈ పని సాధ్యమైంది, ఈ మాట కృతజ్ఞతతో రాస్తున్నాను.

అంతా పంపాను. దాని వెనకే ఎన్‌వీర్యామ్ అనే చిన్న పాఠం. బోర్డు గురించిన వివరాలు అందులో ఉంటాయి. ఉదాహరణకు క్రిస్టల్ 37400 కిలోహెర్ట్జ్ అన్న సంగతి అక్కడి నుంచే ఫర్మ్‌వేరుకు తెలుస్తుంది. దీన్ని చిప్పు 512 కిలోబైట్ల ర్యామ్ చివరన పెట్టి, ఆఖరి నాలుగు బైట్లలో దాని పొడవు రాయాలి. పొడవును నాలుగు బైట్ల పదాల్లో లెక్కించి కింది సగంలో రాయాలి, బిట్లన్నీ తిరగేసిన రూపాన్ని పై సగంలో రాయాలి. 700 బైట్ల పాఠమైతే 175 పదాలు, ఆఖరి పదం ఎఫ్ఎఫ్5000ఏఎఫ్.

కోరును విడిచిపెట్టాను. ఫర్మ్‌వేరు లేచిందనడానికి గుర్తు హెచ్‌టీ క్లాక్, అదే రిజిస్టరులో 80 బిట్. రాలేదు.

జూన్ 22, ఆదివారం

రాత్రి నిద్రలో కూడా అదే ఆలోచన. పొద్దునే చేయవలసింది చేశాను: పంపినదాన్ని తిరిగి చదివి, ఫ్లాష్‌లోని ఫైలుతో పోల్చాను. మొదటి బైటే తేడా. సున్నా చిరునామాలో ఉన్న బైట్లు ఫైలులో ఎక్కడున్నాయో వెతికితే 196608వ స్థానంలో దొరికాయి.

ఆ సంఖ్య చూడగానే అర్థమైంది. 32768ని ఆరుతో గుణిస్తే 196608. బ్యాక్‌ప్లేన్ అంతా ఒక్కసారిగా కనిపించదు. 32 కిలోబైట్ల కిటికీలోంచి చూడాలి, ఆ కిటికీ ఎక్కడ తెరవాలో మూడు రిజిస్టర్లలో రాయాలి. నా కోడ్ కిటికీని ఒకసారి తెరిచి మళ్లీ జరపలేదు. ఏడు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ప్రతి విడతకూ ముందు కిటికీ సరైన చోట ఉందో లేదో చూసి, లేకపోతే జరిపేలా మార్చాను. ఈసారి ఫైలు మొత్తం కలిసింది. కోరును విడిచాను. హెచ్‌టీ బిట్ దాదాపు వెంటనే వచ్చింది. తర్వాత బస్సు స్థితి రిజిస్టరులో 20 బిట్, అంటే ప్యాకెట్లు తీసుకోవడానికి రెండో విభాగం సిద్ధమన్న మాట, అదీ వచ్చింది.

తిరిగి చదివి పోల్చే ఆ కోడును తీసేయలేదు. ఒక స్విచ్చు వెనక ఉంచాను.

ఇప్పటివరకు బిట్లను సీ కోడుతో ఒక్కొక్కటిగా ఆడిస్తున్నాను. ఫర్మ్‌వేరు ఎక్కడానికి నాలుగు సెకన్లు పడుతున్నది. సాయంత్రం ఆ పనిని ఆర్‌పీ2040లోని పీఐఓ యంత్రానికి (పిన్నులను వేగంగా ఆడించడానికే ఉన్న భాగానికి) అప్పగించాను. 125 మెగాహెర్ట్జ్ వద్ద బిట్‌కు రెండు ఆదేశాలు, క్లాక్‌ను రెండుతో భాగిస్తే సెకనుకు 3 కోట్ల 12 లక్షల బిట్లు. ఫర్మ్‌వేరు ఇప్పుడు సెకనులో పదో వంతు లోపే ఎక్కుతున్నది. అయితే క్రమం మాత్రం ఇదే ఉండాలని నా గట్టి నమ్మకం: ముందు నెమ్మదిగా, కంటికి కనిపించేలా చేసి, సరిగ్గా ఉందని తేలాకే వేగం.

జూన్ 28, శనివారం

ఫర్మ్‌వేరుతో మాట్లాడటానికి ప్రతి మాటకూ రెండు పొరల చుట్టు ఉండాలి. బయటి పొర 12 బైట్లు: మొత్తం పొడవు, ఆ పొడవును తిరగేసిన రూపం, వరుస సంఖ్య వంటివి. లోపలి పొర 16 బైట్లు: ఏ ఆజ్ఞ, ఎంత డేటా, ఏ గుర్తింపు సంఖ్య. ఆ తర్వాత పేరు, పేరు చివర ఒక సున్నా బైటు, విలువలు.

దీపానికి కావలసిన పేరు "జీపీఐఓఅవుట్". దాని వెనక రెండు 32 బిట్ల సంఖ్యలు: ఏ పిన్నులు మార్చాలి, ఏ విలువకు మార్చాలి. సున్నా నంబరు పిన్నుకు గుర్తు అన్నింటికన్నా కింది బిట్ కాబట్టి రెండు సంఖ్యలూ 1.

సాయంత్రం ఆరు దాటాక పంపాను.

వెలిగింది. పచ్చగా, చిన్నగా, బోర్డు మూలన. ఫోను చేసి మేనకోడలికి చెప్పాను. "ఆర్పి మళ్లీ వెలిగించు మామయ్యా, వీడియోలో చూస్తాను" అంది. సెకనుకు ఒకసారి వెలిగి ఆరేలా మార్చి చూపించాను.

జూన్ 29, ఆదివారం

దీపం దగ్గర ఆపాలనుకున్నాను కానీ ఆగలేకపోయాను. ఇంత దూరం వచ్చాక ఇంట్లో రౌటర్ కనిపిస్తుందో లేదో చూడాలి కదా.

దానికి ముందు సీఎల్ఎమ్ ఫైలు ఎక్కించాలి. ఏ దేశంలో ఏ చానళ్లు, ఎంత శక్తితో వాడవచ్చో చెప్పే పట్టిక అది. 1024 బైట్లకు మించని ముక్కలుగా, మొదటి ముక్కకు, చివరి ముక్కకు గుర్తులు పెట్టి పంపాలి. తర్వాత దేశం పేరు చెప్పాలి, 100 మిల్లీసెకన్లు ఆగాలి. ఆగకపోతే తర్వాతి ఆజ్ఞలు విఫలమవుతాయి. ఆ తర్వాతే రేడియోను పైకి లేపే ఆజ్ఞ.

వెతికితే పక్కింటి రౌటర్లు రెండు కనిపించాయి, మాది కనిపించలేదు. మాది 13వ చానల్ మీద ఉంది. ఎక్కడి నుంచో తెచ్చుకున్న ఉదాహరణలోని అమెరికా దేశపు గుర్తును నేను అలాగే ఉంచేశాను, అక్కడ వాడుక 11వ చానల్ దాకానే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005 నాటి నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పంపే శక్తి ఒక వాటు, యాంటెన్నాతో కలిపి నాలుగు వాట్లు దాటకూడదు. 13వ చానల్ మనకు ఉంది. దేశం గుర్తు తప్పుగా పెట్టడం కనెక్షన్ సమస్య మాత్రమే కాదు, చట్టం సంగతి కూడా. ఇంకో దేశపు శక్తి పరిమితులతో ఇక్కడ ప్రసారం చేసే డ్రైవరును ఎవరికీ ఇవ్వకూడదు. అందుకే నా డ్రైవరులో దేశానికి ముందే పెట్టిన విలువ ఏదీ ఉంచలేదు. వాడేవారు చెప్పకపోతే రేడియో లేవదు.

భారత్ అని మార్చి మళ్లీ వెతికాను. మూడో వరుసలో మా రౌటర్ పేరు, చానల్ 13.

బ్యాటరీతో నడపాలనుకునేవారికి ఒక మాట. బోర్డుకు వచ్చే వోల్టేజీని కొలిచే అనలాగ్ ఇన్‌పుట్ కూడా 29వ పిన్ను మీదే ఉంది, అంటే వైఫై క్లాక్ తీగ మీద. కొలవాలంటే 25వ పిన్ను పైన ఉండాలి, ఆ సమయంలో వైఫై వైపు మాట నడవకూడదు. దానికి ఒక తాళం పెట్టాను: కొలత జరుగుతుండగా పీఐఓ ఆగుతుంది, కొలిచాక 29వ పిన్నును తిరిగి క్లాక్‌గా మార్చి వదులుతుంది. ఇప్పటికి అయిదు నిమిషాలకు ఒకసారి కొలుస్తున్నాను, వెతుకులాట ఆగకుండా నడుస్తున్నది, దీపం సెకనుకు ఒకసారి వెలిగి ఆరుతున్నది.